అందరికీ ఒకటే పొద్దు

సమత చేసిన పని చూడబోతే ఒక్క లైనంత. చేసేటప్పుడు టీ గ్లాసు కూడా కింద పెట్టలేదు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని కుడి చేత్తోనే కొట్టేసింది. సర్వర్ ఎక్కడో ఫిన్లండ్ మంచుల్లో ఉంది. సమత హనుమకొండలో, నిద్ర పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో, తిరగని ఫ్యాను కింద ఉంది. ఆ సర్వర్ గడియారం లోకమంతా లెక్కకు వాడుకునే సమయం మీద నడుస్తుంది. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. దాన్ని మన సమయానికి మార్చుకొమ్మని సమత ఆజ్ఞ ఇచ్చింది. ఆసియా, కోల్‌కతా అని రెండు మాటలు. సర్వర్ మారు మాట్లాడకుండా మార్చుకుంది. సమత టీ తాగేసి గ్లాసు కడుక్కుంది.

మార్చమన్నది డాక్టర్ వకుళ. కేంద్రానికి ఆమే పెద్ద. సర్వర్ రోజూ పొద్దున తయారుచేసే రిపోర్టులో టైములు తప్పు పడుతున్నాయని ఆమెకు ఎప్పటినుంచో గుర్రు. హైదరాబాదు నుంచి వచ్చిన కమిటీ పెద్దమనిషి ఒకాయన ఆ కాగితాలు తిరగేసి, "ఏమ్మా, మీ పేషెంట్లు తెల్లవారుజామున మూడింటికి ఇడ్లీలు తింటారా?" అని అడిగి నవ్వాడు. వకుళ నవ్వలేదు. ఆయన కారు గేటు దాటగానే మెట్లెక్కి వచ్చి, "సమతా, ఆ టైమ్ జోన్ సంగతి ఇవాళే తేల్చెయ్" అంది. మర్నాటి రిపోర్టులో ఇడ్లీలు బుద్ధిగా ఎనిమిదిన్నరకు వచ్చి కూర్చున్నాయి. వకుళ "శభాష్" అంది. ఆమె నోట ఆ మాట రావడం అరుదు కాబట్టి సమత ఆ రోజంతా గాల్లో తేలింది.

ఈ కేంద్రం పుట్టడానికి కారణం ఒక జ్వరం. నాలుగేళ్ల కింద వచ్చి పోయింది. చాలామందికి వారం రోజుల ఒళ్లునొప్పులు, అంతే. కొందరికి మాత్రం మెదడులో ఒక చిన్న చోటు చచ్చుబడింది. పొద్దు ఎక్కిందో దిగిందో ఒంటికి చెప్పే చోటు అది. వాళ్లకు నిద్ర రాదని కాదు. పావుగంట వస్తుంది, పోతుంది, మళ్లీ పావుగంట వస్తుంది, రాత్రీ పగలూ అదే వరస. మధ్యాహ్నం అన్నం వాసనకు కడుపు తిప్పుతుంది, వేళ కాని వేళ ఆకలి దహిస్తుంది. ఏడాది తిరిగేసరికి మనుషులు మనుషుల్లా ఉండరు.

సమత అన్న సారంగం అలాగే అయ్యాడు. తాటికుంటలో అతను కల్లుగీత పని చేసేవాడు. తండ్రి పోయినప్పుడు అతనికి పదిహేడేళ్లు, సమతకు ఆరేళ్లు. ఆ రోజు నుంచి పొద్దున ముప్పై చెట్లు, సాయంత్రం ముప్పై చెట్లు ఎక్కి దిగి చెల్లెల్ని ఇంజినీరింగు దాకా చదివించాడు. సమత చదువంతా తాటిచెట్ల మీది నుంచే దిగివచ్చిందని ఊళ్లో అనేవాళ్లు. అలాంటి మనిషి జ్వరం తర్వాత రెండేళ్లు చెట్టెక్కలేదు. నోట్లో ముద్ద ఉండగానే కూలబడేవాడు, లేచి ఎవరు కనిపిస్తే వాళ్లను తిట్టేవాడు. ఒకరోజు అతని భార్య రేణుక ఫోన్ చేసి, ఏడవడానికి కూడా ఓపిక లేక, "మీ అన్న బావి ఒడ్డున కూసుంటాండు సమతా. రోజూ గక్కడ్నే కూసుంటాండు" అంది. సమత బెంగుళూరులో ఉద్యోగం మానేసి ఈ కేంద్రంలో చేరింది అందుకే.

వకుళ కనిపెట్టినది బియ్యపుగింజంత ఉంటుంది. మెడ ఎముక కింద, తోలులో పెడతారు. సాయంత్రమైతే ఒంట్లో ఊరవలసినవి ఏవో, తెల్లవారితే ఊరవలసినవి ఏవో, వాటిని అది సమయం ప్రకారం ఊరిస్తుంది. టైమెంతో దానికి జేబులోని ఫోన్ చెబుతుంది, ఫోనుకు సర్వర్ చెబుతుంది. దానికి వకుళ పెట్టిన పేరు ఒకటుంది, అది కాగితాల మీదే మిగిలిపోయింది. పెట్టించుకున్నవాళ్లు దాన్ని కోడి అన్నారు. "మీ కోడి ఎట్ల కూస్తాంది?" అంటే "మంచిగ కూస్తాంది, నీదో?" అని పలకరించుకునేవాళ్లు. మొత్తం నాలుగు వందల పన్నెండు కోళ్లు. వాటిలో ఒకటి సారంగానిది. పెట్టించుకున్న ఇరవయ్యో రోజున అతను మళ్లీ చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటివనానికి బయల్దేరితే, రేణుక వాకిట్లో నిలబడి ఊరందరూ చూస్తుండగా ఏడ్చింది.

ఇంకొకటి జనగామలో సుగుణ టీచరుది. రిటైరైన మనిషి, వయసు డెబ్బై ఒకటి. ప్రతి సోమవారం సమతకు ఫోన్ చేసి, "నీ కోడి నిన్న రెండు నిమిషాలు ముందుగాల కూసింది బిడ్డా, చూసుకో" అని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేది. నిజంగా చూస్తే రెండు నిమిషాలు తేడా ఉండేది. సమతకు ఆమె అంటే భయమూ ఇష్టమూ.

ప్రోగ్రాం రాసింది పరాంకుశం సారు. ఒక్కొక్కరికీ వేరే గడియారం పెడదామని వకుళ అంటే ఆయన ఒప్పుకోలేదు. "సూర్యుడు ఇంటికొకడున్నాడా డాక్టరమ్మా? అందరికీ ఒకటే పొద్దు" అన్నాడు. రాసి, నడిపించి, రిటైరై, తీర్థయాత్రలకు వెళ్లిపోయాడు. పరాయి దేశపు యంత్రం మన పొద్దు ఎంతో సరిగ్గా చెబుతుందని ఆయనకు నమ్మకం లేదు. అందుకని ప్రోగ్రాం లోపల ఎక్కడో మూడు వేల లైన్ల కింద, యంత్రం చెప్పిన టైముకు ఐదున్నర గంటలు తన చేత్తోనే కలిపి పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఆయనకు తోచి ఉండదు.

ఇప్పుడు సమత యంత్రాన్నే మన టైముకు మార్చింది కదా. దాని మీద పరాంకుశం సారు లెక్క మరో ఐదున్నర గంటలు కలపాలి. కలపలేదు. నడుస్తున్న ప్రోగ్రాం పుట్టినప్పుడు చూసుకున్న టైమ్ జోన్‌నే పట్టుకుని ఉంటుంది, మధ్యలో తలెత్తి చూడదు. రిపోర్టు తయారుచేసే చిన్న ప్రోగ్రాం మాత్రం రోజూ కొత్తగా మొదలవుతుంది కాబట్టి దానికి మార్పు తెలిసింది, ఇడ్లీలు సర్దుకున్నాయి. అసలుది పాత లెక్క మీదే నలభై రోజులు నిక్షేపంగా నడిచింది. అంతా బాగుందని సమత అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నలభై ఒకటో రోజు బుధవారం. ఫిన్లండ్ వాళ్లు ఏదో తీగ మార్చుకోవాలని, మీ యంత్రాన్ని ఐదు నిమిషాలు ఆపి మళ్లీ పెడతామని ముందే ఉత్తరం రాశారు. సమత "సరే" అని జవాబు కూడా ఇచ్చింది. సాయంత్రం నాలుగూ పదికి యంత్రం ఆగి లేచింది. ప్రోగ్రాం కొత్తగా పుట్టి, కళ్లు తెరిచి, టైమెంతయిందని చూసుకుని, పరాంకుశం సారు నేర్పిన లెక్క కలుపుకుంది. నాలుగు వందల పన్నెండు ఒళ్లకు ఒక్కసారిగా రాత్రి తొమ్మిదీ నలభై అయింది.

నాలుగున్నరకు మొదటి ఫోన్ వచ్చింది. ములుగు నుంచి ఒకామె. "మా ఆయన చాయ తాక్కుంట తాక్కుంటనే పండుకున్నడు మేడం. లేపితే లేస్తలేడు, గుర్రు పెడ్తాండు." సమత ఎండదెబ్బేమో అనుకుంది. మరో రెండు నిమిషాలకు ఇంకొకటి. ఆటో నడిపే అతను హసన్‌పర్తి దారిలో బండి పక్కకు ఆపి నిద్రపోయాడట. ఆపాడు కాబట్టి బతికాడు. మూడోది, నాలుగోది వచ్చేసరికి సమత ఫోన్ పక్కన పెట్టి సర్వర్ తెరిచింది. గోడ మీద గడియారం నాలుగూ నలభై రెండు. ప్రోగ్రాం పదీ పన్నెండు అంటోంది.

ఆ రెంటికీ తేడా ఎంతో లెక్క కట్టనక్కర్లేదు. ఈ దేశంలో కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఆ తేడా నిద్రలో కూడా తెలుసు. ప్రోగ్రాం తెరిచి కిందికి, ఇంకా కిందికి వెళ్లి పరాంకుశం సారు కలిపిన ఐదున్నర గంటలు చూసింది. నలభై రోజుల కిందటి టీ గ్లాసు గుర్తొచ్చింది. వకుళను పైకి రమ్మని ఫోన్ చేసింది.

వకుళ వచ్చాక సమత దాచలేదు. "నేనే మేడం. ఐదున్నర ముందుకు పోయింది" అంది.

వకుళ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "సర్వర్ ముట్టుకోకు" అంది. "పడుకోనీ. కిందవాళ్లందరూ ఫోన్లు పట్టుకోవాలి. ఇళ్లల్లో వాళ్లకు చెప్పి పక్కలు వేయించండి, పొయ్యిలు ఆర్పించండి, బండ్లు ఆపించండి. రోజుకు పావుగంట చొప్పున వెనక్కి తెద్దాం. ఇరవై రెండు రోజులు పడుతుంది. పట్టనీ."

"ఇప్పుడే తిప్పేస్తే?"

"కుందేళ్లు ఏమయ్యాయో నువ్వే కదా రాసుకున్నావు."

సమతే రాసుకుంది. ఒంటికి సాయంత్రం చెయ్యడం సులువు, అది మెత్తగా వస్తుంది. తెల్లవార్చడమే కష్టం. నెత్తురు వేగం పెరగాలి, గుండె పరుగందుకోవాలి. అందుకే కోడి తెల్లవారడాన్ని గంటన్నర సేపు కొంచెం కొంచెంగా చేస్తుంది. గాఢనిద్రలో ఉన్న ఒంటిని ఒక్క నిమిషంలో పట్టపగల్లోకి లాగితే ఏమవుతుందో చూడ్డానికి మొదట్లో ఆరు కుందేళ్ల మీద చేశారు. రెండు పోయాయి. పేషెంట్లలో గుండె బలహీనంగా ఉన్నవాళ్లు తొమ్మిదిమంది. సుగుణ టీచర్ వాళ్లలో ఒకరు.

నాలుగూ యాభై ఎనిమిదికి సమత సొంత ఫోన్ మోగింది. మల్లేశం. తాటివనంలో సారంగం పక్క చెట్లు గీసేవాడు.

"అక్కా, అన్న చెట్టు మీద పండుకున్నడు."

సమతకు ఆ క్షణం దాకా సాయంత్రపు చెట్లు గుర్తే రాలేదు. నాలుగు వందల పన్నెండు మందిని గురించి ఆలోచించింది, ఆ ఒక్కణ్ణి మరిచిపోయింది. దానికి తనను తాను తర్వాత చాలా తిట్టుకుంది.

"ఎంత ఎత్తుల ఉన్నడు?"

"పోతుతాడే అక్కా, గీ వనంల గదే పెద్దది. కల్లు లొట్టి దించబోయి గట్లనే ఎన్కకు ఒరిగిండు. చెట్టు మీదికెళ్లి కాళ్లు ఊసిపోయినయ్. మోకుకు ఏలాడుతాండు. ఎంత పిలిచినా పలుకుతలేడు, తాగినోని లెక్క. గని ఇయ్యాల సుక్క ముట్టలే అక్కా, ఒట్టు."

"నువ్వెక్కలేవా?"

"ఎక్కిన. ఆయన మోకు కిందికి ఆగిన. పాదాలు అందుతున్నయ్, అంతే. ఆయనను దాటి మీదికి పోయే తొవ్వ లేదు. మోకు నడుము మీదికెళ్లి సంకల కిందికి జారింది. ఇంకింత జారితే… నాకు బుగులైతాంది. ఆయన చెయ్యి పైకి లేసిందంటే పోయినట్టే."

సమత ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కింది. సర్వర్ తెర ముందుకు జరిగి మూడు లైన్లు రాసింది. టైమ్ జోన్ పాతదానికి మార్చు. ప్రోగ్రాం ఆపు. ప్రోగ్రాం మొదలుపెట్టు.

వకుళ ఆమె వెనక నిలబడి చదివింది. "సమతా. వద్దు. ఒక్కడి కోసం నాలుగు వందల మందిని కుదిపేస్తావా? ఫైర్ ఇంజిన్‌కు ఫోన్ చేద్దాం."

"తాటికుంటకు ముప్పై కిలోమీటర్లు మేడం."

"వాళ్లలో తొమ్మిదిమంది…"

"తెలుసు."

"తెలిసి కూడానా?"

మల్లేశం గొంతు ఫోన్లోంచి వచ్చింది. "అన్నా! ఓ అన్నా! చెయ్యి లేపకు. చెయ్యి లేపకే!"

"మా అన్న మేడం" అంది సమత. అంతకన్నా ఆమె దగ్గర వాదన లేదు. అప్పుడు ఐదూ ఆరు. నొక్కింది.

నిమిషం గడిచింది. వకుళ గోడకు ఆనుకుని, ఎవరికో దండం పెడుతున్నట్టు చేతులు కట్టుకుంది. ఫోన్లో తాటాకుల గాలి తప్ప ఏమీ లేదు. తర్వాత మల్లేశం అరిచాడు.

"కండ్లు దెరిసిండు! మోకు వట్టుకో అన్నా, మోకు, మోకు… కాలు ఈడ వెట్టు, నా భుజం మీద వెట్టు. ఆఁ. అక్కా, వట్టుకున్నడు! దిగుతాండు!"

సమత బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. అన్న బతికినందుకు ఆ ఐదు నిమిషాలు ఆమెకు పట్టరాని సంతోషం. అది అబద్ధమని ఆ తర్వాత ఎన్నడూ అనుకోలేదు.

నాలుగు వందల పన్నెండు మంది గుండెలు దడదడలాడుతూ లేచి కూర్చున్నారు. ముప్పై ఒక్కమంది ఆసుపత్రులకు వెళ్లారు, మర్నాటికి ఇళ్లకు చేరారు. సుగుణ టీచర్ ఒక్కతే దక్కలేదు. ఆమె భర్త రామచంద్రం సారు ఆమె కునుకు తీస్తోందనుకుని, కేంద్రం నుంచి ఫోన్ రాకముందే కూరగాయలకు వెళ్లాడు. ఆరింటికి తిరిగొచ్చేసరికి ఆమె మంచం పక్కన నేల మీద ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో చెప్పు తొడుక్కోబోతూ పడిపోయినట్టుంది. బడికి ఆలస్యమైందనుకుందో ఏమో. ఆరున్నరకు వచ్చిన డాక్టరు గుండె ఆగిందని రాసిచ్చాడు. వయసు, ముందునుంచీ ఉన్న జబ్బు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

కేంద్రం తన కాగితంలో సాంకేతిక అంతరాయం అని రాసుకుంది. సమత ప్రోగ్రాంలో పరాంకుశం సారు లెక్క తీసేసి, ఒక్కొక్కరికీ వేరుగా పొద్దు పంపే ఏర్పాటు రెండు రోజుల్లో రాసింది. మూడో రోజు ఇంట్లో బియ్యం కడుగుతుంటే ఒక సంగతి తట్టింది. ఆ రోజు ఆ మూడు లైన్లకు ముందు ఇంకొక్క లైను రాసి ఉంటే, అన్న ఫోనును తప్ప మిగతా ఫోన్లను సర్వర్ గుమ్మం బయటే ఆపేసి ఉండొచ్చు. అన్న ఒక్కడే లేచేవాడు. అందుకు మహా అయితే రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు మోకు ఆగేదో లేదో ఎవరికీ తెలీదు. సమతకు మాత్రం ఆగేదనే అనిపిస్తుంది. ఆ రోజు వంట చెయ్యలేదు.

తొమ్మిదో రోజు పొద్దున రామచంద్రం సారు కేంద్రానికి ఫోన్ చేశాడు. సమతే ఎత్తింది.

"బిడ్డా, మా ఇంటామె నీ గురించి చెప్తుండె. ఒక్కటి అడగాల్నని చేసిన. మా అయ్యగారు నచ్చత్రం సూడాలె, పాణం ఏ టైముకు పోయిందని అడుగుతాండు. నేను ఇంట్ల లేకపోతిని. డాక్టరేమో ఐదు నుంచి ఆరు నడుమ అన్నడు. ఆ రోజు ఐదూ ఎనిమిదికి శ్రవణం పోయి ధనిష్ఠ వచ్చిందట. ముందుగాల పోతే బాధ లేదు. ధనిష్ఠల పోతే ఆరు నెలలు ఇల్లు ఇడవాలె. మీ కోడికి తెలిసుంటది గద?"

చూసి చెబుతానంది సమత. చూడనక్కర్లేదు, ఆమెకు ఎప్పుడో కంఠతా వచ్చింది. కోడి నిమిషానికోసారి నాడి పంపుతుంది. ఐదూ ఆరు దాకా నెమ్మదైన నిద్ర నాడి. ఐదూ ఏడుకు ఒక్క ఎగురు. ఐదూ పదకొండుకు ఏమీ లేదు.

వకుళ తలుపు దగ్గర నిలబడి విన్నది. లోపలికి వచ్చి కూర్చుంది. "ఐదూ ఐదుకే అని చెప్పు" అంది మెల్లగా. "ఆయన ఇల్లు ఆయనకుంటుంది. ఈ వయసులో ఆ మనిషి ఎక్కడికి పోతాడు? నువ్వు మీట నొక్కకముందే పోయినట్టూ అవుతుంది. నిజం చెబితే ఏమవుతుందో చూడు. ఆయనకు ఇల్లు పోతుంది, నీకు ఉద్యోగం పోతుంది, పోతే పోనీ. ఊరూరా భయపడి మిగతావాళ్లు కోళ్లు తీయించేసుకుంటారు. వాళ్లంతా మళ్లీ పాత బతుకులోకి పోవాలి. మీ అన్న మళ్లీ ఆ బావి ఒడ్డుకు పోవాలి. ఎవరికి మంచిది?"

వకుళ చెడ్డది కాదు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. ఆ అబద్ధం అందరికీ అంత చక్కగా సరిపోవడమే సమతకు మింగుడు పడలేదు. టైము కొంచెం జరిపితే ఏమవుతుందిలే అనే కదా తను ఆ రోజు టీ తాగుతూ అనుకుంది.

సాయంత్రం బస్సెక్కి తాటికుంట వెళ్లింది. సారంగం వాకిట్లో మంచం మీద ఉన్నాడు. సంకల కింద మోకు ఒరుసుకున్న చోట తోలు లేచిపోయి, రేణుక పసుపు పట్టించింది. వచ్చినవాళ్లందరితో "మా చెల్లె నన్ను ఆడికెల్లి లేపింది" అని చెప్పుకుంటున్నాడు. వాళ్లు వెళ్లేదాకా ఆగి సమత మొత్తం చెప్పింది. నలభై రోజుల కింద తను మార్చిన టైము దగ్గర మొదలుపెట్టి సుగుణ టీచర్ చెప్పు దాకా చెప్పింది.

సారంగం మంచం మీద లేచి కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పినవే?" అన్నాడు. గొంతులో కోపం ఉంది. "నేను మంచిగ నిద్రపోతుంటి."

"ఎవరికి చెప్పాలె మరి?"

"ఆ ముసలాయనకు." మళ్లీ తనే అన్నాడు. "రేపు బండి తీస్త. నేను గూడ వస్త."

రేణుక మధ్యలోకి వచ్చింది. "ఏమని చెప్తరు పోయి? ఇగో మా ఆయన బతికిండు, మీ ఆమె సచ్చిందని చెప్తరా? ఆ ముసలాయన కోడి తీపిచ్చుకొమ్మంటే ఎట్ల? మల్ల బావికాడ నేనే కావలి గాయాలె." అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె తప్పేమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున సారంగం బండి తీశాడు.

జనగామలో ఆ ఇల్లు చిన్నది. ముందు రెండు జామచెట్లు, గోడకు ఆనించిన నల్లబల్ల. పిల్లలకు సాయంత్రాలు ఊరికే చదువు చెప్పేదట. సారంగం బండి నిలిపి గేటు దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు. రామచంద్రం సారు సమతకు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, పంచాంగం ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"చెప్పు బిడ్డా. ఎనిమిదికి ముందా, ఎన్కనా?"

"ఐదూ పదకొండు సార్."

ఆయన పంచాంగంలోకి చూడలేదు. "ఖాయమేనా?"

"ఖాయమే." సమత నీళ్ల గ్లాసు కింద పెట్టింది. ఇప్పుడు ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. "ఎట్ల తెలుసంటే సార్, ఐదూ ఆరుకు నేనే లేపిన. అందరినీ ఒక్కసారే లేపిన. టీచరమ్మ మంచిగనే నిద్రపోతాంది. గుండె ఆగుతదని తెలుసు. తెలిసే లేపిన. మా అన్న చెట్టు మీద ఏలాడుతుండె. అసలు అందరు ఆ యాళ్లకు పండుకునుడు గూడ నా తప్పు తోనే అయింది."

లోపల ఎక్కడో కుళాయి చుక్కలు పడుతున్నాయి. రామచంద్రం సారు పంచాంగం మూసి దాని మీద అరచేయి పెట్టాడు. ఆయన కొడతాడేమో అనుకుంది సమత, కొడితే బాగుండుననుకుంది. ఆయన ఆమె భుజం మీదుగా బయటికి, గేటు వైపు చూశాడు.

"గాయనేనా మీ అన్న?"

"అవును సార్."

"దిగిండు గద, మంచిగ?"

"దిగిండు."

ఆయన తల ఊపాడు. ఆ ఊపడంలో ఏముందో సమతకు అర్థం కాలేదు. క్షమ అయితే కాదు. లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. పెట్టె లాగుతున్న చప్పుడు వచ్చింది, ఆగింది. గడప దగ్గర నిలబడి అన్నాడు. "పెట్టె బరువున్నది. నాతోని కాదు. మీ అన్నను రమ్మను."

సారంగం చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. ఒళ్లు నొప్పి పెడుతున్నా పెట్టె ఎత్తుకుని గేటు దాకా మోశాడు. తర్వాత చాప, తర్వాత సుగుణ టీచర్ ఫోటో. ఫోటోను రెండు చేతులతో ఎదకు ఆనించి పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఎండలో నిలబడిపోయాడు.

కిటికీలు మూసి, దీపం ఆర్పి, ఆయన చివరగా బయటికి వచ్చాడు. తలుపులు దగ్గరికి లాగాడు. జేబులోంచి తాళం తీసి, గొళ్లెం దాకా చెయ్యి తీసుకెళ్లి, ఆగిపోయాడు. అలాగే వెనక్కి తిరిగి తాళం సమత చేతిలో పెట్టాడు.

"నువ్వెయ్యి" అన్నాడు.

సమత వేసింది.